గిన్నె మొక్కకు తగిలిన చలి

గుండె మీద రాయి అంటారు. రాయి అయితే ఎక్కడో ఒకచోట దించుకుని కాసేపు కూర్చోవచ్చు కదా. నాది అలా దిగేది కాదు. నలభై ఏళ్ళకు పైగా నాతో పాటే అన్నం తింటోంది, నాతో పాటే ఆదివారం గుడికి వస్తోంది. మోకాళ్ళ నొప్పుల గురించి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతాను. దీని గురించి ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

మొన్న ఒక అబద్ధం ఆడాను. కొత్తది కాదు, పాతదే. అదే మాట, అదే గొంతు. ఒకప్పుడు ఒక తల్లితో ఆడిన అబద్ధాన్ని మొన్న ఆమె కూతురితో ఆడాను. అది నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో చూసి నాకే భయం వేసింది. అందుకే ఇవాళ ఇలా రాయడానికి కూర్చున్నాను. మొదటి నుంచీ చెబుతాను. మధ్యలో ఆగితే తిట్టుకోకండి.

మాది పోర్ట్ బ్లెయిర్ పక్కన బ్రూక్షాబాద్. మా ఆయన శ్రీకాకుళం వైపు నుంచి పని వెతుక్కుంటూ షిప్పెక్కి వచ్చాడు. ఫీనిక్స్ బే దాటాక ఒక ఐస్ ఫ్యాక్టరీ ఉండేది. చేపల పడవలకు ఐసు అక్కడి నుంచే వెళ్ళేది. అందులో పని దొరికాక నన్ను తీసుకొచ్చాడు. అప్పటికి ఇక్కడ ఇళ్ళు పలుచన. మాలాంటి తెలుగువాళ్ళం కొద్దిమందిమి, ఒక రేకుల ప్రార్థన గుడి, అందరికీ ఒకే కుళాయి.

మా ఇంటికి పైన, రోడ్డు అంచున సంతోషమ్మ ఇల్లు. ఆమె భర్త సర్కారు బోటు మీద లష్కరు, తాళ్ళు కట్టే పని. నన్ను వదినా అని పిలిచేది. చుట్టరికం ఏమీ లేదు. ఈ దీవుల్లో ముందు వరస కలుపుకుంటాం, ఊరేదని తర్వాత అడుగుతాం. ఆమె కూతురు కృప, నా కొడుకు విక్టర్, ఇద్దరూ ఒకే ఏడు పుట్టారు. ఒకరి ఎంగిలి ఒకరు తిని పెరిగారు.

సంతోషమ్మ ఒక పెద్ద అధికారి బంగళాలో పనిచేసేది. ఆయనకు బదిలీ అయి మెయిన్‌లాండ్ వెళ్ళిపోతున్నప్పుడు ఆయన భార్య ఒక కుండీ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. చూడ్డానికి అనాస మొక్కలా ఉంటుంది. అనాస కాదు, దానికి చుట్టమట. ఆకులన్నీ చుట్టూ పేర్చినట్టుండి మధ్యలో గిన్నెలా గుంట ఉంటుంది. నీళ్ళు మట్టిలో కాదు, ఆ గుంటలో పోయాలి. దాని అసలు పేరు సంతోషమ్మకు నోరు తిరగలేదు. మేం గిన్నె మొక్క అనేవాళ్ళం.

పేరు మరిచిపోయింది గానీ ఆవిడ చెప్పిన జాగ్రత్తలన్నీ సంతోషమ్మ పాఠంలా ఒప్పజెప్పేది. సూటిగా ఎండ తగలకూడదు. గిన్నెలో నీళ్ళు పాతబడకూడదు, మట్టి మాత్రం ముద్దగా ఉండకూడదు. గాలి పొడిబారకూడదు. మనకు ఒళ్ళు జిడ్డుకట్టి చిరాకు పుట్టించే ఉక్కపోతే దానికి హాయి. అన్నిటికన్నా ముఖ్యం, చలి తగలకూడదు. మనం దుప్పటి లాక్కునేంత చలి తగిలినా దాని లోపల దెబ్బతింటుంది, అంతకు మించితే చచ్చిపోతుంది. ఏళ్ళ తరబడి పూయదు. పూస్తే ఒక్కసారే, నడిమధ్య నుంచి ఎర్రగా. పూశాక తల్లి మొక్క మెల్లగా వాడిపోతూ తన మొదలు దగ్గర పిల్లలు పెడుతుంది.

క్రిస్మస్ దాటితే ఇక్కడ వానలు ఆగిపోతాయి. పొడిగాలి మొదలవుతుంది. సంతోషమ్మ ఇల్లు గట్టు మీద కదా, ఆ గాలంతా ఆమె వాకిట్లోకే వచ్చేది. ఆకుల కొనలు ఎండిపోయేవి. మా ఇల్లు పల్లంలో, కాలువ పక్కన. వంటింటి వెనక అన్నం గంజి ఆవిరి, తడి గోడలు, నాచు. మనుషులకు రోగాలు తెచ్చే ఆ మూల గిన్నె మొక్కకు స్వర్గం. ఏటా ఆ నెలల్లో కుండీ మా వంటింటి వెనక ఉండేది. నేనే చూసేదాన్ని. బాగా చూసేదాన్ని. ఇది కూడా మీరు నమ్మాలి.

ఒక వానాకాలం పిల్లలిద్దరికీ జ్వరం వచ్చింది. ఒకేసారి, ఒకే రకం జ్వరం. ఆసుపత్రిలో పక్కపక్క మంచాలు. బయట వరండాలో మేమిద్దరం మోకాళ్ళ మీద ఉన్నాం. మా వాళ్ళలో కష్టమొస్తే మొక్కుకుంటాం, గట్టెక్కాక గుడిలో అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెబుతాం, కోత పండుగనాడు మొక్కుకున్నది తెచ్చి బల్ల ముందు పెడతాం. నేను నా మెడలో గొలుసు మొక్కుకున్నాను. నాకున్న బంగారం అదొక్కటే. సంతోషమ్మ, గిన్నె మొక్క పూస్తే ఆ పువ్వు మొక్కుకుంది.

కృప లేచి కూర్చుంది. విక్టర్ లేవలేదు.

దీని గురించి ఎక్కువ రాయలేను. నాలుగేళ్ళ పిల్లవాడు. వాడి చెప్పులు ఇంటికి తెచ్చాను. మరుసటి ఆదివారం కాదు, ఆ పై ఆదివారం, సంతోషమ్మ గుడిలో నిలబడి సాక్ష్యం చెప్పింది. నా వైపు చూడకుండా, ఏడుస్తూ, తక్కువ మాటల్లో చెప్పింది. నన్ను నొప్పించకూడదని ఎంత జాగ్రత్త పడిందో నాకు తెలుసు. ఆ జాగ్రత్తే నాకు కారం రాసినట్టు అనిపించింది. బంగారం వద్దనుకుని పువ్వుకు ఒప్పుకున్నాడా దేవుడు? పూస్తుందో లేదో తెలియని పువ్వుకా? నా మెడలో గొలుసు అలాగే ఉంది. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది.

మొక్క మూడేళ్ళు పూయలేదు. ఆ మూడేళ్ళూ కృప మా గుమ్మం ముందు నుంచే బడికి వెళ్ళేది. "అత్తా, పోతన్నాను" అని కేకేసేది. నేను పలికేదాన్ని. ఆ పిల్ల ఎంత ఎత్తు పెరిగిందో చూసి, విక్టర్ ఉంటే ఇంతుండేవాడు అని రోజూ కొలుచుకునేదాన్ని. ప్రేమగానే ఉండేదాన్నని అందరూ అనేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

నాలుగో ఏడు, పొడిగాలి మొదలై కుండీ మా ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకు, ఒక ఉదయం గిన్నెలో నీళ్ళు మారుస్తుంటే అడుగున ఎరుపు కనబడింది. గోరంత. మరునాటికి వేలెడంత. కోత పండుగ దగ్గరికొచ్చేసింది. సరిగ్గా పండుగకు అందేలా ఉంది. సంతోషమ్మకు చెప్పాలి. పరుగెత్తుకుని గట్టెక్కి చెప్పాలి. చెప్పలేదు. ఆ పువ్వును గుడిలో బల్ల ముందు పెట్టడం, అందరూ లేచి పాడటం, కృప కొత్త గౌను వేసుకుని తల్లి పక్కన నిలబడటం, మూడో వరసలో ఖాళీ ఒడితో నేను చప్పట్లు కొట్టడం, ఇవన్నీ నాకు కళ్ళకు కట్టాయి. నేను చప్పట్లు కొట్టలేను అనుకున్నాను.

కాస్త ఆలస్యం చేస్తే చాలనుకున్నాను. పండుగ దాటిపోతే చాలు, తర్వాత పూసుకోనీ అనుకున్నాను. అలా అనుకున్నానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. నిజమేనా? చలి తగిలితే చచ్చిపోతుందని నాకు తెలియదా? సంతోషమ్మ నోట ఎన్నిసార్లు విన్నాను? తెలుసు. తెలిసే చేశాను.

ఈ దీవుల్లో చలి లేదు. దేవుడు పెట్టలేదు. మనుషులు చేసిన చలి ఒక్కచోట ఉండేది, మా ఆయన పనిచేసే చోట.

ఆ రోజు క్యారేజీ పట్టుకెళ్ళే బుట్టలో మొక్కను పెట్టి, పైన తడి గోనె కప్పి బస్సెక్కాను. దీనికి చల్లదనం కావాలట, కాసేపు లోపల పెట్టు అని మా ఆయనకు చెప్పాను. మొక్కల గురించి ఆయనకేం తెలుసు? రంపపు పొట్టు కప్పిన ఐసు దిమ్మల మధ్య పెట్టి వచ్చాడు. అన్నం తిన్నాడు. చేపల పులుసు బాగుందన్నాడు. ఆయన సాయంత్రం డ్యూటీ దిగేదాకా గేటు బయట కూర్చున్నాను. నీడలో కూర్చున్నా చెమటలు కారిపోతున్నాయి. లేచి వెళ్ళి తెచ్చేసుకో అని నాలో ఒకటి పోరుతూనే ఉంది. లేవలేదు.

మొక్కను బయటికి తెస్తే ఏమీ కాలేదు. ఆకులు పచ్చగా, ఎరుపు ఎర్రగా, అంతా అలాగే ఉంది. నిజం చెబుతున్నాను, అప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికొచ్చి గోరువెచ్చని నీళ్ళు పోశాను. పొయ్యి దగ్గర పెట్టాను. తప్పు చేశాను, ఈసారికి వదిలెయ్ అని దేవుణ్ణి బతిమాలుకున్నాను. చలి దెబ్బ వెంటనే కనబడదని నాకు తెలియదు. రెండు మూడు రోజులకు ఆకుల అడుగు నీరుపట్టినట్టయింది. తర్వాత గోధుమ రంగు. ఒక పొద్దున ఎర్రటి మొగ్గను వేలితో ముట్టుకుంటే చేతిలోకి ఊడొచ్చింది. కంపు కొట్టింది.

దాన్ని కాలువలో పారేసి సంతోషమ్మకు కబురు పెట్టాను. మొక్క ఎందుకో చచ్చిపోయేలా ఉందని. పూసిందని చెప్పలేదు.

ఆమె వచ్చింది. కుండీ ముందు చతికిలబడి, ఊడిన ఆకులు ఒక్కొక్కటీ తీసి వాసన చూసింది.

"ఓలమ్మా, ఇదేటొదినా ఇలగయిపోనాది? నీలు మార్సినావా?"

"రోజూ మారస్తన్నాను."

"ఎండ తగిల్నాదేటి?"

"లేదు. నువ్వెట్టిన కాడే ఉంది."

"మరి ఠండా తగిల్నాదేటి? మేమ్‌సాబ్ పక్కాగా చెప్పినాది, ఠండా తగిల్తే లోపల్నుంచే కుళ్ళిపోద్దని."

"ఈ దీవిలో ఠండా ఎక్కడుందే? ఉక్కకి మన పేనాలే పోతన్నాయి."

ఈ మాటలో అబద్ధమేముంది, చెప్పండి? దీవిలో చలి లేదు. నిజమే. నిజంతోనే అబద్ధమాడాను. సంతోషమ్మ ఆకులు పోగుచేసింది. తల ఊపింది.

"నిజిమే. ఎక్కడుంది ఠండా. నీ మీద అనుమానం కాదొదినా. నీకన్నా బాగా ఎవులు సూస్తారు?" అంది. తర్వాత ఆకులన్నీ ఒళ్ళో వేసుకుని, చాలా మెల్లగా, "అయితే దేవుడే వద్దన్నాడు. నా పువ్వొద్దన్నాడు" అంది.

అప్పుడైనా చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా. టీ తాగుతావా అని అడిగాను.

గుడిలో గుసగుసలు మొదలయ్యాయి. అందరి ముందూ మొక్కుకున్న అర్పణ దేవుడి దాకా వెళ్ళలేదంటే ఆ ఇంట్లో ఏదో ఉంది అన్నారు. గుడి పాస్టరు అయ్యగారు మంచివారు, అలా అనుకోవద్దమ్మా, మొక్క చస్తే మొక్క చచ్చినట్టే అన్నారు. సంతోషమ్మ వినలేదు. పువ్వు వద్దన్నాడంటే బతికించిన పిల్లనే అడుగుతున్నాడని ఆమెకు పట్టుకుంది. మెయిన్‌లాండ్ తీరాన ఆడపిల్లల్ని చదివించి సువార్త సేవకు పెంచే ఒక హాస్టలు ఉంది. కృపను అక్కడికి పంపేస్తానంది. ఏడేళ్ళ పిల్లను. మొగుడు నాలుగు రోజులు తిండి మానేశాడు. తర్వాత ఆయన కూడా భయపడ్డాడు. పంపకపోతే ఇంకేదైనా రూపంలో తీసుకుంటాడేమోనని.

మా ఆయనకు ఈ సంగతి గుడిలో తెలిసింది. ఇంటికొచ్చి పళ్ళెం ముందు కూర్చుని, "ఆ మొక్కేనా?" అని అడిగాడు. ఔనన్నాను. పళ్ళెం పక్కకు జరిపాడు. మరి ఆ మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు, ఆయన పోయేదాకా రాలేదు. నువ్వెళ్ళి చెప్పు అని ఆయన ఒక్కసారి అరిచి ఉంటే చెప్పేదాన్నేమో. చూడండి, ఇప్పటికీ తప్పు ఆయన మీదకు తోస్తున్నాను.

ఇక్కడి దాకా విని, కడుపుకోతలో ఉన్న తల్లి కదా అని మీరు జాలిపడుతూ ఉంటే ఆగండి. అసలుది ఇప్పుడు వస్తుంది.

కృపను తీసుకెళ్ళాల్సిన షిప్పు ఆలస్యమైంది. ఎప్పుడూ అయ్యేదే. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం, పారేద్దామని కుండీ ఎత్తితే, కుళ్ళిన తల్లి మొక్క మొదలు దగ్గర రెండు పిల్లలు కనబడ్డాయి. బొటనవేలంత. పచ్చగా. మొక్క చావలేదు. వాటిని గట్టు మీదికి తీసుకెళ్ళి సంతోషమ్మకు చూపిస్తే చాలు. ఐస్ ఫ్యాక్టరీ మాట కూడా ఎత్తక్కర్లేదు. ఇదుగో, దేవుడు వద్దనలేదు, ఆగమన్నాడు అంటే, ఆమె ఎగిరి గంతేసి పిల్లను ఆపేసేది. నాకు ఏ అవమానమూ లేదు, ఏ ఖర్చూ లేదు. ఒక్క గట్టు ఎక్కితే చాలు.

ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదు? దొరికిపోతానన్న భయమా? కాదు. ఆ పిల్ల వెళ్ళిపోవాలని నాకుంది. రోజూ నా గుమ్మం ముందు నుంచి, నా కొడుకు పెరగాల్సినంత పెరుగుతూ నడిచే ఆ పిల్ల నా కళ్ళ ముందు ఉండకూడదని నాకుంది. సంతోషమ్మ ఒడి కూడా నా ఒడిలా ఖాళీ కావాలని నాకుంది. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. మొక్కను చంపడం కోపంలో చేసిన పని అనుకోవచ్చు. ఇది అలాంటిది కాదు. షిప్పు వచ్చేదాకా ప్రతి పొద్దునా ఆ పిల్ల మొక్కలకు నీళ్ళు పోసి, ప్రతి పొద్దునా చెప్పకూడదని నిర్ణయించుకున్నాను.

హాడో రేవుకు అందరం వెళ్ళాం. కృప రేకు పెట్టెను మా ఆయన తన నెత్తి మీద పెట్టుకుని షిప్పు దాకా మోశాడు, కూలీవాణ్ణి దగ్గరకు రానివ్వలేదు. సంతోషమ్మ ఏడవలేదు. దేవుడికి ఇచ్చేటప్పుడు ఏడవకూడదని పళ్ళు బిగించుకుంది. కృప నా చీర కొంగు పట్టుకుని కిందికి లాగింది. నేను వంగాను.

"అత్తా, పువ్వు పూస్తే నాను వచ్చీవచ్చా?"

"సూద్దారిలే" అన్నాను. వంటింటి వెనక రెండు పిల్ల మొక్కలు ఉన్నాయి అప్పుడు.

కృప అక్కడే పెరిగింది, అక్కడే సేవలో చేరింది. పెళ్ళి చేసుకోలేదు. సెలవులకు ఒకటి రెండుసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త కొత్తమనిషిలా, తల్లిని మీరు అంటూ. సంతోషమ్మ పోయినప్పుడు షిప్పు అందక మట్టివేసిన తర్వాత చేరుకుంది. తల్లిని చివరి రోజుల్లో నేనే చూసుకున్నాను. నీళ్ళు తాగించాను, ఒళ్ళు తుడిచాను. ఈమె నా సొంత వదిన అని అందరికీ చెప్పేది. ఆ మాట వింటూ తడిగుడ్డ పిండడం ఎలా ఉంటుందో మీకు చెప్పలేను.

మొన్న కోత పండుగకు కృపను వాక్యం చెప్పడానికి పిలిచారు. జుట్టు నెరిసింది. తల్లి గొంతే. అందరి ముందూ నిలబడి తన సాక్ష్యం చెప్పింది. మా అమ్మ పువ్వు ఇస్తానంది, దేవుడు పువ్వు వద్దన్నాడు, నన్ను అడిగాడు. చిన్నప్పుడు రాత్రిళ్ళు ఏడ్చేదాన్ని, కానీ ఇంతమంది పిల్లల్లోంచి నన్నే అడిగాడు కదా అనుకుంటే ఏడుపు ఆగేది. ఆ ఒక్క మాట పట్టుకునే ఇంతకాలం బతికాను అంది. గుడంతా ఆమెన్ అంది. నేను కూడా అన్నాను.

మరునాడు మా ఇంటికి వచ్చింది. వంటింటి వెనక దాచిన గిన్నె మొక్కలు, సంతోషమ్మ పోయాక, ఇప్పుడు మా వరండా అంతా ఉన్నాయి. ఆ రెండు పిల్లల పిల్లలు, వాటి పిల్లలు. చూసి నిలబడిపోయింది. "అదే మొక్కా అత్తా?" అంది. అలాంటిదే ఎవరో ఇచ్చారన్నాను. అదొక అబద్ధం. ఒక పిల్ల మొక్క తీసుకెళ్తానంది. జాగ్రత్తలన్నీ చెప్పాను, సంతోషమ్మ ఒప్పజెప్పినట్టే, అదే వరసలో. గిన్నెలో నీళ్ళు, గాలిలో తడి, ఎండ సూటిగా వద్దు, చలి అసలే వద్దు. కృప కుండీ చేతిలోకి తీసుకుని, నా కళ్ళలోకి చూసి, "మరి అమ్మ మొక్కకి చలి తగిల్నాదేటి అత్తా?" అని మామూలుగా అడిగింది. ఇన్నేళ్ళ తర్వాత మా యాస ఆమె నోట్లోంచి వచ్చింది.

"ఈ దీవిలో ఠండా ఎక్కడుందమ్మా?" అన్నాను.

నవ్వింది. కుండీ తీసుకుని వెళ్ళింది.

చెబితే ఆమెకు ఏం మిగులుతుంది? తనను అడిగింది దేవుడు కాదు, పల్లంలో ఉండే ఒక ఆడమనిషి అసూయ అని తెలిస్తే ఆమె నిలబడిన నేల ఏమవుతుంది? ఆమె కోసమే చెప్పలేదని అనుకోవాలని ఉంది. అలా అనుకోవడం ఎంత హాయిగా ఉందో చూశాక, అది కూడా నమ్మబుద్ధి కావడం లేదు. ఆమె షిప్పు ఇంకా వెళ్ళలేదు, గట్టు మీద తల్లి ఇంట్లోనే ఉంది. ఈసారి కూడా ఆలస్యమేనట. గట్టు ఎక్కడానికి నాకు మోకాళ్ళు సహకరించవు. అది సాకు అని మీకు తెలుసు, నాకూ తెలుసు. ఎక్కుతానో లేదో నాకు తెలియదు.

మీకు మాత్రం చెప్పేస్తున్నాను. క్షమించమని అడగను, అది మీ చేతుల్లో లేదు. రాసిన ఈ కాస్సేపూ ఊపిరి నిండా అందింది, నాకు అదే చాలు.

రేవులో ఆ పిల్ల నన్నొకటి అడిగింది కదా. పూసింది. తను వెళ్ళిన నాలుగో ఏట పూసింది. ఎర్రగా, జానెడు ఎత్తు. తనకప్పుడు పదకొండేళ్ళు, ఇంకా ఏడ్చే వయసే. పొద్దున్నే లేచి, సంతోషమ్మ నీళ్ళకు దిగి రాకముందే, కత్తిపీట మీద కోసి కాలువలో పారేశాను.